గాలి మోయు బరువు

భారతకథలో కర్ణుని రథచక్రము భూమిలో క్రుంగిన ఘట్టమును ఎఱుగని తెలుగువారుండరు. చక్రము క్రుంగినది పదునేడవనాటి యుద్ధమున. శాపము తగిలినది అంతకు ఎన్నో యేండ్ల క్రిందట. చూచువారికి ఆపద ఒక్క క్షణములో వచ్చినట్లు తోచును. కథ చెప్పిన మహర్షి మాత్రము దానిని చాల వెనుకనుండి నడిపించుకొని వచ్చెను.

నేటి ప్రసంగమునకు నేను ఎన్నుకొన్న విషయము మోటారు చక్రము. టైరు ప్రేలుట కూడ కర్ణుని చక్రము క్రుంగుటవంటిదే. చప్పుడు ఒక్క క్షణము. కారణము నెలల క్రిందటనో ఏండ్ల క్రిందటనో పడియుండును. అన్ని బండ్లలోను పడక, వంటయిల్లు, నీళ్లతొట్టి, సంసారము సమస్తము మోసికొనిపోవు పెద్దబండికి ఈ ఆపద మఱింత కఠినమైనది. అట్టి బండి సినిమావారి మూలమున మనకు 'కేరవాను' అను పేరుతో పరిచితమైనది. దాని చక్రములకు గాలి ఎట్లు వచ్చినదో, ఆ గాలిని నమ్మి మనుష్యులు ఎచ్చటెచ్చట దెబ్బతినిరో చెప్పి, ఆ చరిత్రనుండియే జాగ్రత్తలను తీయవలెనని నా సంకల్పము.

హైదరాబాదునకు పడమట, మొయినాబాదు మండలములో, ఉస్మాన్ సాగరు దాపున చిల్కూరు అను గ్రామము కలదు. ఏటేట తిరుపతి యాత్ర చేయు భక్తుడొకడు జబ్బుపడి కదలలేక దుఃఖింపగా, వేంకటేశ్వరుడు కలలో కనబడి, నీ దగ్గఱ అడవిలోనే యున్నానని చెప్పెనని అచ్చటి స్థలపురాణము. ఆ గుడిలో హుండీ లేదు. కోరిక విన్నవించువారు 11 ప్రదక్షిణములు, కోరిక తీరినవారు 108 ప్రదక్షిణములు చేయుదురు. విదేశములకు పోగోరు యువకులు విరివిగా వచ్చి మ్రొక్కుటచే ఆ స్వామికి 'వీసా బాలాజీ' అను పేరు వచ్చినది. నడిచి పోలేని భక్తునికొఱకు వెలసిన దేవుని చుట్టును నేడు వేలకొలది మోటారుబండ్లు చేరుట కాలమహిమ. ఆ బండ్లలో ఏ ఒక్కటియు నిజమునకు రబ్బరుమీద నిలువలేదు, గాలిమీద నిలిచినది. ఇది మొదట గ్రహింపవలసిన సంగతి.

మోటారు రాకపూర్వము చేవెళ్ల ప్రాంతపు రైతు ఎఱిగిన చక్రము వేఱు. దానికి కఱ్ఱ ఆకులు, కఱ్ఱ ఇరుసు, చుట్టును ఇనుపకట్టు. కమ్మరి ఆ కట్టును ఎఱ్ఱగా కాల్చి చక్రమునకు ఎక్కించి నీళ్లు చల్లగా, ఇనుము ముడుచుకొని కఱ్ఱను బిగపట్టును. ఆ చక్రము ప్రేలదు. సడలును, కిఱ్ఱుమనును, ఆకు విఱుగును. విఱుగబోవు ముందు పది దినములు మూలుగుచునే యుండును. బండివాడు ఆ మూలుగు విని కందెన వేయును, లేదా కమ్మరి కొలిమికి తీసికొనిపోవును. కఱ్ఱచక్రమునకు వేగము లేదు గాని, ముందుగా హెచ్చరించు గుణము కలదు. గాలిచక్రము మనకు మెత్తదనమును, వేగమును ఇచ్చి, ఆ హెచ్చరికను చాలవఱకు తీసికొన్నది.

గాలిని చక్రమునకు తొడుగవచ్చునను ఊహ మొదట 1845లో స్కాట్లండు దేశీయుడగు రాబర్ట్ విలియం థామ్సన్ అను ఇంజనీరునకు కలిగెను. రబ్బరు పూసిన గుడ్డసంచిలో గాలి నింపి, పైన తోలు కప్పి, గుఱ్ఱపుబండికి తొడిగి నడపి చూపెను. అంతకు ఆఱేండ్ల ముందు, 1839లో, అమెరికాలో చార్లెస్ గుడ్ ఇయర్ రబ్బరును గంధకముతో కలిపి కాల్చినచో ఎండకు కరగక చలికి పగులక నిలుచునని కనిపెట్టెను. ఐనను థామ్సన్ కాలమున రబ్బరు ప్రియము, మోటారు పుట్టలేదు. ఆయన చక్రమును లోకము మఱచినది. నలువది యేండ్ల పిమ్మట బెల్ఫాస్టు నగరములో పశువైద్యుడైన జాన్ బోయిడ్ డన్లప్ తన కుమారుని మూడుచక్రముల బండికి గాలిగొట్టము చుట్టి, 1888లో దానికి పేటెంటు పొందెను. తండ్రికి బిడ్డమీద గల మమకారము నుండి మన టైరు పుట్టినదనుట అతిశయోక్తి కాదు.

మోటారుకారునకు గాలిచక్రములు తొడిగి పందెమున దిగినవారు ఫ్రాన్సుదేశపు మిషెలిన్ సోదరులు. 1895లో పారిసునుండి బోర్దోకు పోయి మరల పారిసు చేరు పందెములో వారు తమ కారును తామే నడపిరి. దారిపొడవునను టైర్లు పంచరగుచునే యుండెను. గెలుపు దక్కలేదు, గడువులోపల చేరుటయు కాలేదు. కాని బండి గాలిమీదనే తిరిగి పారిసు చేరెను. తక్కినవారు నవ్విరి; పదియేండ్లు తిరుగకుండ అందఱును ఆ చక్రములనే తొడిగిరి.

పంచరు అయినప్పుడెల్ల త్రోవలోనే టైరు ఊడదీసి అతుకుట ఆనాటి మోటారువారికి పెద్ద నరకము. ఆ బాధను చూచి 1904లో వేల్సుదేశమునందలి లనెల్లి పట్టణమున డేవిస్ సోదరులు గాలి నింపి సిద్ధముగా ఉంచిన అదనపు చక్రమును తయారుచేసిరి. వారి దుకాణము స్టెప్నీ అను వీథిలో ఉండెను. ఆ వీథి పేరే సముద్రములు దాటి మన డ్రైవర్ల నోట 'స్టెప్నీ' అయినది. లనెల్లి ఎచ్చట నున్నదో తెలియని మన క్లీనరు కుఱ్ఱవాడు దినమునకు పదిసార్లు ఆ వీథిని తలచుచున్నాడు.

ఇక మన నేలకు వత్తము. 1932 జూన్‌లో నిజాము రాష్ట్ర రైల్వేవారు రోడ్డు రవాణాశాఖను స్థాపించి, 27 బస్సులతోను 166 మంది పనివాండ్రతోను దక్కను రోడ్లమీద బస్సులు నడపసాగిరి. నేటి మన ఆర్.టి.సి.కి అదియే మూలము. కంకరరోడ్లు, గుట్టలు, వేసవి యెండ; వీటిమీద బస్సును నడపినవారికి బడిలో ఎవరును చెప్పని పాఠములు చక్రములే చెప్పినవి. వారినుండి వచ్చిన నియమములలో ఒకటి నేటికిని బంగారమువంటిది: క్రొత్త టైరు ముందుచక్రమునకు, రీట్రెడ్ చేసిన టైరు వెనుకకు. ముందుచక్రము పోయినచో స్టీరింగు చేతినుండి పోవునని వారెఱుగుదురు.

ఈ రబ్బరు ఎక్కడనుండి వచ్చెడిది? 1876లో హెన్రీ విక్హామ్ అను ఆంగ్లేయుడు బ్రెజిలు అడవులనుండి దాదాపు 70,000 రబ్బరుగింజలను లండను చేర్చెను. ఆ మొలకలు సింహళమునకు, మలయాకు వచ్చి తోటలైనవి. ఆ తోటలలో తెల్లవాఱకముందే లేచి చెట్టు బెరడును ఏటవాలుగా గీసి పాలు పట్టిన కూలీలలో అధికులు తమిళులు. విశాఖ, గోదావరి ప్రాంతములనుండి పోయిన తెలుగువారును వారితో నుండిరి. వారి మనుమలు, మునిమనుమలు నేడును మలేషియాలో తెలుగు మాటాడుచున్నారు. టైరు అనగానే మనకు విదేశీ కంపెనీ పేరు తోచును గాని, దానిలోని పాలు మన కూలీల చేతిమీదుగా వచ్చిన కాలము ఒకటి కలదు.

1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపానువారి వశమయ్యెను. మలయా తోటలు అంతకుముందే పోయినవి. అమెరికాకు వచ్చు రబ్బరులో నూటికి తొంబదివంతులు ఒక్కసారిగా ఆగిపోయెను. అప్పుడు ఆ దేశపు ప్రభుత్వము చేసిన పని మనము గుర్తుంచుకొనదగినది. పెట్రోలు వారికి సమృద్ధిగా ఉన్నను, టైర్లను కాపాడుటకై పెట్రోలునకు రేషను పెట్టి, బండ్లు గంటకు 35 మైళ్లకు మించి పోరాదని శాసించిరి. వేగము తగ్గినచో వేడి తగ్గును, వేడి తగ్గినచో టైరు బ్రతుకును. ఈ సత్యమును ఒక మహారాజ్యము యుద్ధమునందు చట్టముగా వ్రాసికొన్నది. శాంతి రాగానే మఱచినది.

ఇల్లువంటి మోటారుబండి మన తెలుగుచరిత్రలో ప్రవేశించినది 1982లో. ఆ సంవత్సరము మార్చి 29న తెలుగుదేశము పార్టీని స్థాపించిన నందమూరి తారకరామారావు ఒక పాత షెవర్లే వానును మార్పించి, 'చైతన్యరథము' అని పేరిడి, రాష్ట్రమంతటను తిరిగెను. కుమారుడు హరికృష్ణ దానిని నడపెను. నాయకుడు దానిలోనే పండుకొనెను, రోడ్డు ప్రక్కనే స్నానము చేసెను, దాని కప్పుమీద నిలిచి మాటాడెను. 1983 జనవరి 9న ఆయన ముఖ్యమంత్రి అయ్యెను. ఆ వానుమీద నిలిచిన మనిషిని జనులు లక్షలుగా చూచిరి. దాని క్రింద తిరిగిన చక్రములను చూచినవారెందఱు? చరిత్ర రథమును వ్రాయును, రథికుని వ్రాయును, సారథిని ఒక్కొకప్పుడు వ్రాయును. చక్రము క్రుంగిననే గాని చక్రమును వ్రాయదు.

ఈ మధ్యకాలములో టైరు రెండు పెద్ద మార్పులు చెందెను. మిషెలిన్ వారు 1946లో రేడియలు టైరునకు పేటెంటు కోరి, 1949లో దానిని అంగడికి తెచ్చిరి. అదే దశకమున అమెరికాలో గుడ్‌రిచ్ కంపెనీవారు ట్యూబు లేని టైరును ప్రకటించిరి. రెండును గొప్ప మేలులే. ట్యూబులేని టైరునకు మేకు గ్రుచ్చుకొన్నను గాలి ఒక్కుమ్మడి పోక మెల్లగా జాఱును. కాని రెండింటిలోను ఒక మోసము దాగియున్నది. రేడియలు టైరు నిండుగాలి ఉన్నప్పుడును నేల దగ్గఱ కొంచెము ఉబ్బియే కనబడును. కావున గాలి తగ్గినదో లేదో కన్ను పోల్చలేదు. ట్యూబులేని టైరు గాలి మెల్లగా పోవుటచే, పోయినదని డ్రైవరునకు తెలియదు. కాలితో తన్ని చూచుట, ఇనుపకడ్డీతో కొట్టి వినుట మొదలగు పాతపరీక్షలు పూర్తిగా చప్పబడిన టైరును పట్టీయగలవు. నూఱు పౌండ్లకు డెబ్బదియైదు ఉన్న టైరును పట్టీయలేవు. దానిని గేజి ఒక్కటియే చెప్పగలదు.

ఇప్పుడు ప్రేలుడు ఎట్లు పుట్టునో చూతము. ఒక చక్రముమీద 2,000 కిలోల బరువు పడినదనుకొందము. లోపల గాలి చదరపు సెంటీమీటరునకు 8 కిలోల ఒత్తిడితో ఉన్నచో, ఆ బరువును మోయుటకు నేలను తాకవలసిన మేర దాదాపు 250 చదరపు సెంటీమీటర్లు. ఒక చిన్న పుస్తకపు అట్టంత. గాలి తగ్గినకొలది ఆ మేర పెరుగవలెను. అనగా టైరు మఱింత చదునై, దాని ప్రక్కగోడ మఱింత వంగవలెను. చక్రము ఒక్కొక్కసారి తిరిగినప్పుడెల్ల ఆ గోడ వంగి లేచును. మీటరు ఎత్తుగల పెద్దటైరు కిలోమీటరునకు 300 సార్లకు పైగా తిరుగును. గంటకు 90 కిలోమీటర్ల వేగమున క్షణమునకు ఎనిమిదిసార్లు. ఇనుపతీగను అటునిటు వంచినచో వేడెక్కి తెగునట్లు, గోడలోని తీగలును రబ్బరును వేడెక్కి, ఒకదానినొకటి విడుచును. ఉండవలసిన గాలిలో అయిదవవంతు తగ్గిన టైరును టైర్ల నిపుణులు గాలిలేని టైరుగానే లెక్కింతురు. అట్టి టైరుతో నడచిన దూరమంతయు శాపము తగులుచున్న కాలమే. తరువాత గాలి నింపినను తెగిన తీగ అతకదు. వారము తరువాత, మంచిరోడ్డుమీద, మిట్టమధ్యాహ్నము అది ప్రేలును. అప్పుడు మనము ఎండను నిందింతుము.

కేరవానునకు ఈ విషయమున మూడు ప్రత్యేకమైన కష్టములు కలవు. మొదటిది బరువు. అది ఎన్నడును దిగని బరువు. లారీ సరుకు దింపినపిమ్మట తేలికపడును. ఇల్లు మోయు బండి నిలిచినప్పుడును మోయుచునే యుండును. 200 లీటర్ల నీళ్లతొట్టి నింపినచో 200 కిలోలు చేరినవి. ఆ తొట్టి ఒక ప్రక్కన ఉన్నచో ఆ ప్రక్క చక్రములే దానిని మోయును. రెండవది వయస్సు. లారీటైరు అఱిగి చచ్చును. కేరవాను టైరు అఱుగకుండ ముసలిదై చచ్చును. సంవత్సరములో పదినెలలు నిలిచియుండు బండి టైరు ఎండకును గాలిలోని ఓజోనునకును పగులును. రబ్బరులో కలిపిన మైనపుద్రవ్యములు చక్రము తిరిగి వంగినప్పుడే పైకి వచ్చి దానిని కాపాడును. తిరుగని చక్రమునకు ఆ కవచము లేదు. అందుచే గాళ్లు నిండుగా కనబడు టైరే ప్రేలుటకు సిద్ధముగా ఉండవచ్చును. మూడవది వెనుక జంటచక్రములు. లోపలి టైరు కంటికి కనబడదు. దానిలో గాలి పోయినచో వెలుపలి టైరు ఇద్దఱి బరువును మోసి, కొంతదూరము పిమ్మట తానును పోవును.

చిల్కూరులో మ్రొక్కి అమెరికా చేరిన మన పిల్లలు సెలవులలో సంసారముతో విహరించుటకు అచ్చట 'ఆర్.వి.' అనబడు ఇల్లుబండ్లను అద్దెకు తీసికొందురు. ఆ దేశములో చాల రాష్ట్రములలో సామాన్యమైన కారు లైసెన్సుతోనే అంతటి బండిని నడపవచ్చును. కావున ఆ దేశపు కథ మనకును సంబంధించినదే.

గుడ్ ఇయర్ కంపెనీవారు 1996 మొదలు 2003 వఱకు 'జి 159' అను టైరును చేసిరి. పట్టణములలో సరుకులు చేరవేయు బండ్లకు దానిని ఉద్దేశించి, రాచబాటలమీద గంటలకొలది వేగముగా పోవు ఇల్లుబండ్లకును అమ్మిరని దానిమీద వచ్చిన వ్యాజ్యముల సారాంశము. 2003లో అట్టి టైరు చెడి, ఒక కుటుంబపు బండి రోడ్డు తప్పి తలక్రిందులయ్యెను. వ్యాజ్యము ముగిసిన పిమ్మట, టైరు వేడిని కొలిచిన పరీక్షల ఫలితములను కంపెనీ ఇయ్యలేదని బయటపడెను. దానిపై విధించిన సొమ్ము ఎంత ఉండవలెనను తగవు 2017లో ఆ దేశపు సుప్రీముకోర్టు దాక పోయెను. ఆ సొమ్మును మరల లెక్కింపుడని కోర్టు పంపెను. 1998 మొదలు 2009 వఱకు ఈ టైరు ప్రమాదములలో 8 మంది మరణించిరని, 69 మంది గాయపడిరని ఆ దేశపు రోడ్డుభద్రతా శాఖవారు తెలిపిరి. 2022లో కంపెనీ మిగిలిన టైర్లను వెనుకకు పిలిచెను. టైరులో దోషము లేదని, తక్కువగాలి, ఎక్కువబరువులే కారణములని వాదించెను. ఎవరి వాదము ఎట్లున్నను, రెండువైపులవారును వేడినే చెప్పుచున్నారు. ఒక పనికి పుట్టిన చక్రమును మఱియొక పనికి పూన్చరాదని ఈ కథ చెప్పుచున్నది.

2000 సంవత్సరములో ఫైర్‌స్టోను కంపెనీ దాదాపు 65 లక్షల టైర్లను వెనుకకు పిలిచెను. పైపట్టీ ఊడి బండ్లు దొర్లుటచే అమెరికాలో 271 మంది మరణించినట్లు లెక్కతేలినది. ఆ దుఃఖమునుండి ఒక చట్టము పుట్టి, 2007 సెప్టెంబరు మొదలుకొని తేలికబండ్లన్నిటికిని గాలి తగ్గినచో దీపము వెలిగించు యంత్రము తప్పనిసరి అయ్యెను. కాని ఆ నియమము 10,000 పౌండ్ల లోపు బండ్లకే. ఎక్కువ బరువు మోయు ఇల్లుబండికి దానివలన రక్షణ కలుగలేదు. మనదేశములో 2020లో చేసిన సవరణ ప్రకారము అట్టి యంత్రమును, పంచరు అతుకు సామగ్రియు ఉన్న చిన్నకార్లు స్టెప్నీ మోయనక్కఱలేదు. నూటపదునాఱేండ్లకు లనెల్లి వీథి పేరు మన కార్లనుండి దిగిపోవ నారంభించినది.

మరల మన రోడ్డునకు వత్తము. హైదరాబాదునుండి మొయినాబాదు, చేవెళ్లలమీదుగా బిజాపురమునకు పోవు బాట నేడు 163వ జాతీయరహదారి. అప్పా కూడలినుండి మన్నెగూడ వఱకు దాదాపు 46 కిలోమీటర్లలో ఇరువైపులను వందలకొలది మఱ్ఱిచెట్లు కలవు. రోడ్డును వెడల్పు చేయుటా, చెట్లను కాచుటా అను వివాదము ఏండ్లతరబడి నడచినది. నాకు ఆ చెట్లమీద ప్రేమయే కలదు. కాని డ్రైవరు గుర్తింపవలసిన సంగతి వేఱు. ఆ బాటలో రెండుప్రక్కల మఱ్ఱిమ్రాకులు, ఎదుట వచ్చు బస్సులు, లారీలు. టైరు ప్రేలి బండి ఆఱడుగులు ప్రక్కకు పోయినచో ఆ ఆఱడుగులలో ఏదియో ఒకటి ఉండియే తీరును. కావున అచ్చట ప్రేలకుండ చూచుకొనుటయే మొదటి విద్య.

మనవారు క్రొత్తబండి కొన్ననాడు గుడిముందు నిలిపి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చక్రముల క్రింద నిమ్మకాయలుంచి త్రొక్కింతురు. నేను ఈ ఆచారమును పరిహసింపను. బండికి ప్రాణము చక్రములోనే ఉన్నదని మనవారెఱిగినట్లు ఆ నిమ్మకాయలే సాక్ష్యము. కాని ఆనాడు చక్రముదగ్గఱ వంగిన నడుము మరల దసరానాటి ఆయుధపూజ వఱకు వంగదు. పూజకు వంగిన నడుము వారమునకొకసారి గేజి పట్టుకొని వంగవలెనని నా మనవి.

చేయవలసిన పనులు పెద్దవి కావు. బండి కనీసము మూడుగంటలు నిలిచి టైరు చల్లబడినపుడే గాలి కొలువవలెను. నడచిన టైరులో గాలి వేడికి పెరిగి కనబడును; పెరిగినదని తీసివేయరాదు. సామాను, నీళ్లు, మనుష్యులు అందఱును ఎక్కిన పిమ్మట బండిని ధర్మకాంటామీద పెట్టి, వీలైనచో ఒక్కొక్క ప్రక్క వేఱుగా తూచి, ఆ బరువునకు టైరు కంపెనీవారి పట్టికలో చెప్పిన గాలిని నింపవలెను. టైరు గోడమీద చివర నాలుగంకెలుండును. మొదటి రెండు వారము, తరువాతి రెండు సంవత్సరము. '2319' అనగా 2019లో 23వ వారమున పుట్టినదని అర్థము. అయిదేండ్లు దాటిన టైరును ఏటేట నిపుణునికి చూపవలెనని, పదియేండ్లు నిండినచో గాళ్లున్నను తీసివేయవలెనని మిషెలిన్ వంటి కంపెనీలు చెప్పుచున్నవి. స్టెప్నీకిని ఇదే లెక్క. అది మోయకపోయినను ముసలిదగును. జంటచక్రములలో లోపలిదానికి కూడ గేజి అందునట్లు పొడుగు మూతిని అమర్చుకొనవలెను. గాలి తెలుపు యంత్రమును విడిగా కొని అమర్చుకొన్నచో ఇంకను మేలు. కొన్ని పెద్దటైర్లకు వేగపు హద్దు గంటకు 120 కిలోమీటర్లే. వేసవిలో ఆ హద్దుకు చాల దిగువనే నడపుట బుద్ధి.

ఇన్ని చేసినను ఒకనాడు టైరు ప్రేలవచ్చును. అప్పుడు కాలు తనంతట తాను బ్రేకుమీదికి పోవును. అది పోరాదు. ముందుటైరు పోయినచో ఆ ప్రక్క చక్రము నేలను పట్టుకొని బండిని అటువైపు లాగును. బ్రేకు వేసినచో ఆ లాగుడు పెరిగి, బరువంతయు ముందుకు పడి, స్టీరింగు మాట వినదు. మిషెలిన్ వారు ఇల్లుబండ్లవారికై తీసిన శిక్షణచిత్రములో చెప్పిన క్రమము ఇది: రెండుచేతులతో స్టీరింగును గట్టిగా పట్టి బండిని తిన్నగా ఉంచుము; ఆక్సిలరేటరును ఒక్కసారిగా వదలక, ఒక క్షణము నొక్కి బండి ఊపును నిలుపుము; బండి చేతికి వచ్చిన పిమ్మట మెల్లగా కాలు తీసి, దానంతట అదే నెమ్మదించునట్లు చేసి, పూర్తిగా తగ్గినపుడు ప్రక్కకు తీయుము. వెనుకటైరు పోయినప్పుడును ఇదే విధి. ఇది విని నేర్చునది కాదు. ఇంట కూర్చుండి మనస్సులో పదిసార్లు నడపి చూచుకొన్నగాని ఆ క్షణమున కాలు లొంగదు. డ్రైవరు ఒక్కడే నేర్చిన చాలదు. ప్రక్కన కూర్చున్నవారు అఱచి అతని చేయి పట్టుకొనరాదు. నడచు బండిలో లేచి తిరుగుటయు, పడకపై పండుకొనుటయు మాని, అందఱును బెల్టు కట్టుకొని కూర్చుండవలెను. బండి నిలిచినపిమ్మట హెచ్చరిక దీపములు వేసి, రాకపోకలు లేని వైపున అందఱును దిగి దూరముగా నిలువవలెను.

కడపట ఒక మనిషిని గూర్చి చెప్పి ముగింతును. రోడ్డు ప్రక్కన పాతటైరు వ్రేలాడదీసిన పంచరుషాపు లేని ఊరు మనకు లేదు. చాలచోట్ల గాలి పట్టువాడు పదునెనిమిదేండ్లు నిండీనిండని కుఱ్ఱవాడు. గాలి లేకుండ కొంతదూరము నడచిన పెద్దటైరును అతనియొద్దకు తెచ్చి, తొందరగా కొట్టుమందుము. లోపల తీగలు తెగియున్నచో అది అతని చేతులలోనే ప్రేలవచ్చును. విడిరింగుగల పాత లారీచక్రమైనచో ఆ ఇనుపరింగు ఎగిరి తలకు తగులవచ్చును. అట్టి టైరునకు గాలి కొట్టుమని అడుగుటయే తప్పు. ఊడదీసి, లోపల చూపించి, ఇనుపపంజరములో ఉంచి, దూరమునుండి గొట్టముతో నింపవలెను. మన నిర్లక్ష్యపు ఫలము మనకే తగులునని లేదు. ఒకరి శాపము మఱియొకరి తలమీద పడుట రోడ్డుమీద తఱచు జరుగును.

శ్రోతలారా! థామ్సన్ సంచినుండి నేటివఱకు నూట ఎనుబదియేండ్ల చరిత్ర గడచినది. రబ్బరు మాఱినది, తీగలు మాఱినవి, ట్యూబు పోయినది, స్టెప్నీ పోవుచున్నది. బరువును మోయునది మాత్రము నేటికిని గాలియే. ఆ గాలిని కొలుచుటకు కావలసినది రెండు నిమిషముల కాలము, ఒక చిన్న గేజి. రేపు ఉదయము బండి తీయుటకు ముందు, చక్రములు చల్లగా ఉన్నప్పుడే, ఆ రెండు నిమిషములు వెచ్చింపుడని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.